ఎడమ ప్యాడ్ బరువు

మన జట్టులో గోలు కాసే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. సాధన అయ్యాక బూట్లు విప్పుకుంటూ, నా మొహం చూడకుండా, ఎవరో ఒకరు మొదలుపెడతారు. "అంకుల్, పోలీసు మ్యాచ్‌లో మీరు కాలెత్తేసినారంట కదా?" ఇది వాళ్లకి తాతలు చెప్పి ఉంటారు. నేను పోలీసులకి అమ్ముడుపోయానని కొందరు తాతలు, పోలీసులంటే వణికానని కొందరు తాతలు.

నిజమే, ఎత్తేశాను. బంతి నేరుగా నా ఎడమ కాలి మీదికి వచ్చింది. నేను దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నా ఆగిపోయేది. కాలు తీసి దారి ఇచ్చాను. ఎందుకు తీశానో ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయవచ్చని, ఆ మాట అనదగినవాళ్లే అన్నారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను.

నేను పుట్టింది మలయాలో, సుంగై పెటానికి తొమ్మిది మైళ్ల దూరంలో, ఒక రబ్బరు తోట కూలీల ఇళ్ల లైన్లలో. బడి నాలుగో తరగతితో ఆగింది. మిగతా చదువంతా పాల కొట్టులో. చెట్ల బెరడు గీసే గీత పనివాళ్లు బకెట్లలో తెచ్చిన రబ్బరు పాలు అక్కడే తూచేవాళ్లం. మొత్తం బరువులోంచి ఖాళీ బకెట్ బరువు తీసేయాలి, మిగిలిన దాంట్లో నీళ్లెంతో రబ్బరెంతో తేల్చాలి. మొదట వేళ్ల మీద, తర్వాత సుద్దముక్కతో నేల మీద, చివరికి మనసులోనే చేసేవాణ్ని. ఏడాదికల్లా గుమాస్తాలు కూడా తమ లెక్క నా లెక్కతో సరిచూసుకోవడం మొదలుపెట్టారు.

అయితే ఆ కొట్టులో కుర్చీ నాకు వచ్చింది లెక్కల వల్ల కాదు, హాకీ వల్ల. మా మేనేజరు దొరకి హాకీ పిచ్చి. చుట్టుపక్కల తోటల జట్లను ఓడించడం ఆయనకి రబ్బరు ధర కంటే ముఖ్యం. నేను గోలులో నిలబడ్డ రెండో ఆట చూసి, "వీడి కాళ్లు గీత పనికి పాడుచేయొద్దు" అని నన్ను నీడపట్టున కూర్చోబెట్టాడు. మాటల్లో అనకపోయినా ఒప్పందం ఇద్దరికీ తెలుసు. గోలు మూసి ఉన్నన్నాళ్లు కుర్చీ నాది. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడూ గోలీయే. ఒక్క సీజన్లో పన్నెండు గోల్స్ వదిలి మళ్లీ గీతకత్తి పట్టుకున్నాడు. తూకానికి వచ్చినప్పుడల్లా నా కాళ్లకేసి చూసేవాడు, ఎప్పుడు విరుగుతాయా అన్నట్టు.

మీలో చాలామంది బంతిని చూసి ఆపుతారు. నేను మనిషిని లెక్కపెట్టి ఆపేవాణ్ని. ఏ ఫార్వర్డు పదిసార్లు కొడితే ఎన్నిసార్లు కుడికి, ఎన్నిసార్లు ఎడమకి కొడతాడో చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకునేవాణ్ని. మూడు సీజన్లలో ఆ పుస్తకం నన్ను దాదాపు మోసం చేయలేదు. అందుకే పుస్తకాన్ని తప్ప ఎవర్నీ నమ్మకూడదనే అలవాటు పడింది. ఈ కథలో తప్పు అక్కడే మొదలైంది.

అవి తెల్లదొరల ప్రభుత్వం అడవిలోని కమ్యూనిస్టు దళాలతో పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు. మా లైన్ల చుట్టూ ముళ్లకంచె, ఒక్కటే గేటు, గేటు దగ్గర మలాయ్ కానిస్టేబుళ్లు. అడవిలోని వాళ్లకి తిండి అందకూడదని బియ్యం మనిషికింత అని కొలిచి ఇచ్చేవారు. ఒక్క గింజ కూడా కంచె దాటకూడదు. పొద్దున పనికి వెళ్లే ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పించి చూసేవారు. పట్టుబడితే జైలు. అడవికని తేలితే ఉరి దాకా వెళ్తుందని లైన్లలో చెప్పుకునేవారు. ఎవరు ఎవరి గురించి చెప్పేస్తారో తెలియదు కాబట్టి పక్కింటి వాళ్లతో కూడా వానల గురించీ దగ్గుల గురించీ తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు.

హాకీ లారీకి మాత్రం కొంత మర్యాద ఉండేది. దొర సంతకం చేసిన చీటీ ఉండేది. కానిస్టేబుళ్లు మా జేబులు తడిమి, బూట్లలో చెయ్యి పెట్టి చూసి, నా ప్యాడ్ల మీద బెత్తంతో రెండు దెబ్బలేసి, "కాకీ గాజా!" అని నవ్వేవారు, ఏనుగు కాళ్లని. ఆ ప్యాడ్లు నిజంగా అలాగే ఉండేవి. మందపాటి కేన్వాసు, లోపల పేము బద్దలు, వాటి మధ్య బూరుగు దూది.

నా ముందు ఆడే ఎడమ బ్యాక్ నాకంటే అయిదేళ్లు పెద్ద. గీత పని. సన్నగా, పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉండేవాడు. నేను అన్నా అనేవాణ్ని. మ్యాచ్ ముందు రాత్రి పట్టీలు బిగించి ఇస్తానని నా ప్యాడ్లు ఇంటికి పట్టుకెళ్లేవాడు, లారీలో వాటిని తన ఒళ్లో పెట్టుకునేవాడు. మైదానం చేరగానే, "ఇటివ్వు తమ్ముడూ, పట్టీలకి నూనె రాసి తెస్తాను" అని బట్టలు మార్చుకునే షెడ్డు వెనక్కి తీసుకెళ్లేవాడు. కిందటి సీజన్లో ఎడమ ప్యాడ్ చిరిగితే కుట్టి ఇచ్చిందీ ఆయనే. మంచివాడనుకున్నాను.

ఆ సీజన్లో నా ఎడమ మోకాలి కింద దెబ్బలు మొదలయ్యాయి. కుడి కాలికి ఎంత గట్టి బంతి తగిలినా ఏమీ ఉండదు. ఎడమ కాలికి తగిలితే ఎముక జివ్వుమంటుంది, మర్నాటికి నల్లగా కములుతుంది. మా అమ్మ వామాకు వేడిచేసి కట్టేది. "ఏటిరా, ఒక్క కాలికే కొడతారేటి ఆ దిక్కుమాలినోలు?" అనేది.

ఒక ఆదివారం మ్యాచ్‌కి బయలుదేరే ముందు రెండు ప్యాడ్లనూ పాల కొట్టు స్ప్రింగు తక్కెడకి తగిలించాను. కుడిది నాలుగు పౌన్లు. ఎడమది ఆరు. కుట్టినప్పుడు దూది ఎక్కువ పట్టించి ఉంటాడు, మంచిదే అనుకున్నాను. తిరిగి వచ్చాక మళ్లీ తూచాను. కుడిది నాలుగే. ఎడమది మూడుంబావు!

రెండు వారాల తర్వాత ఇంకో మ్యాచ్. పొద్దున ఆరు పౌన్లు, సాయంత్రం మూడుంబావు. దాని తర్వాత మ్యాచ్‌లోనూ అంతే. ఎడమ ప్యాడ్ వెనక అంచు కుట్లు లెక్కపెట్టాను. వెళ్లేటప్పుడు నలభై ఒకటి, వచ్చేటప్పుడు ముప్ఫై తొమ్మిది. ఎవరో విప్పి మళ్లీ కుడుతున్నారు. ఎవరో కాదు, ప్యాడ్లు ముట్టుకునేది ఒక్కడే.

అప్పుడు నాకు తట్టిన సమాధానం ఇది. ఎడమ బ్యాక్ మ్యాచ్‌కి ముందు దూది తీసేస్తున్నాడు. నా కాలు దెబ్బతినాలి, నేను గోల్స్ వదలాలి. ఎందుకు? ఆయన పినతండ్రి కొడుకు ఒకడు గోలీగా తయారవుతున్నాడు. నా కుర్చీ వాడికి కావాలి. ప్రతి అంకె సరిపోయింది. ఇంటికెళ్లి ఆయన మళ్లీ దూది ఎందుకు కూరుతున్నాడన్నది ఒక్కటే సరిపోలేదు. దాన్ని, పొద్దున గేటు దగ్గర తేలిగ్గా ఉంటే నాకు అనుమానం వస్తుందని కాబోలు, అని సర్దేశాను. రోజుకి రెండు వందల బకెట్ల ఖాళీ బరువు తీసేసి లెక్కకట్టేవాణ్ని. నా సొంత ప్యాడ్ అసలు బరువెంతో మాత్రం కనుక్కోకుండానే లెక్క మొదలుపెట్టాను. మొదటిసారి చూసిన ఆరునే అసలు అనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి తేదీలూ బరువులూ కుట్లూ రాసుకున్నాను.

మెర్దేకాకి, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు ఏడాది అది. సీజన్లో చివరి మ్యాచ్ ఎప్పటిలాగే సుంగై పెటాని పోలీసు మైదానంలో, ఈసారి పోలీసు జట్టుతోనే. డ్రా చేసినా కప్పు మాది. ముందురోజు దొర పాల కొట్టుకి వచ్చి, తనకొచ్చిన తమిళంలో, కౌలాలంపూర్ నుంచి ఒక కంపెనీ మనిషి నిన్ను చూడడానికి వస్తున్నాడని చెప్పాడు. ఆ కంపెనీకి పెద్ద జట్టు ఉంది. గోలీ కావాలి. పేరుకి గుమాస్తా, పని గోలు కాయడం. మా లైన్లలో పుట్టినవాడెవడూ అప్పటిదాకా అంత దూరం వెళ్లలేదు.

ఆ పొద్దున తూచాను. ఎడమది ఆరు పౌన్ల రెండు ఔన్సులు. లారీలో ఎడమ బ్యాక్ చెయ్యి చాపాడు. నేను ప్యాడ్లు ఇవ్వలేదు.

"ఇటివ్వు తమ్ముడూ, నీకు బరువు."

"బరువుంటే మంచిదే కదన్నా. ఈ దినం నేనే మోసుకుంటాను."

కుడి బ్యాక్ నవ్వి, అలవాటుగా చివర మలాయ్ 'లా' తగిలించి అన్నాడు. "కేఎల్‌కి పోయినోడు ఇంక మన సేత ముట్టనిత్తాడేటి లా!"

మైదానం చేరాక షెడ్డులో అడుగు పెట్టకుండా లారీ మెట్టు మీదే కూర్చుని ప్యాడ్లు కట్టుకున్నాను. ఎడమ బ్యాక్ నూనె సీసా పట్టుకుని ముందు నిలబడ్డాడు. చెమటలు పడుతున్నాయి. ఇంకా ఎండ ఎక్కలేదు.

"పట్టీలు ఎండిపోనాయి. ఒక్క నిమిషం ఇయ్యి."

"ఎండితే ఎండనీ."

నాకెంత తృప్తి కలిగిందో దాచుకోను. దొరికాడు అనుకున్నాను.

మైదానం పక్కన కుర్చీల్లో మా దొర, కంపెనీ మనిషి, పోలీసు ఆఫీసర్లు. చుట్టూ చూసేవాళ్లలో సగం మంది కానిస్టేబుళ్లే. రోడ్డు వైపు గోలు వెనక ఎప్పటిలాగే ఉప్పులో ఊరేసిన జామకాయ ముక్కలమ్మే చీనా ఆవిడ బేసిన్ ముందు కూర్చుని ఉంది. నల్ల పైజామా, వెదురు టోపీ. ఆ మైదానంలో మేమాడిన ప్రతిసారీ కనిపించేది. ఎన్ని ముక్కలని వేళ్లతో చూపిస్తే కట్టి ఇచ్చేది. నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు.

మొదటి సగంలో పోలీసు సెంటర్ ఫార్వర్డు, ఒక సార్జంటు, గట్టిగా కొట్టిన బంతి నా ఎడమ ప్యాడ్‌కి తగిలింది. బస్తాకి తగిలినట్టు 'దబ్' మంది. కాలికి ఏమీ తెలియలేదు. చూశావా, దూది నిండా ఉంటే నొప్పే లేదు! ఎడమ బ్యాక్ వెనక్కి తిరిగి, నా మొహం కాదు, నా కాలు చూశాడు. అదీ లెక్కలో వేసుకున్నాను.

విరామంలో నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఎడమది విప్పు. నీకు దండం పెడతాను."

"అన్నా, నువ్వు ఏటి సేస్తన్నావో నాకు తెలుసు. మూడు మ్యాచ్‌ల నుంచి లెక్క రాసి పెట్టినాను."

ఆయన మొహంలో రక్తం లేదు. "ఆ లెక్క ఎవరికి సూపించినావు?"

"ఇంకా ఎవలికీ లేదు. ఆట అయినాక దొరకి సూపిస్తాను."

"నన్ను సంపీసినా పర్వాలేదు. ఆట అయ్యేదాకా ఆగు," అన్నాడు. ఒక్క గోలీ కుర్చీ కోసం చంపడం దాకా ఎందుకు వెళ్లాడో నాకు అర్థం కాలేదు. పశ్చాత్తాపం అనుకున్నాను.

రెండో సగంలో నేను రోడ్డు వైపు గోలుకి మారాను. అయిదు నిమిషాలైనా కాకముందే సార్జంటు మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎడమ ప్యాడే. ఈసారి 'దబ్' తర్వాత ఇంకో చిన్న చప్పుడు వినిపించింది, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు. కిందకి చూశాను. నా బూటు పక్కన తెల్లని గింజలు.

బియ్యం.

మీకు చెప్పడానికి ఇంతసేపు పట్టింది. నాకు అర్థమవడానికి పట్టింది ఒక్క ఊపిరి. దూది తీసింది నన్ను దెబ్బకొట్టడానికి కాదు, చోటు కోసం. మూడుంబావే అసలు. ఆరులో మిగతాదంతా బియ్యం. ఆరు నెలలుగా గేటు దాటించింది నా ప్యాడే. గేటు దగ్గర నవ్వి పంపింది నన్నే. ఈ దినం దాన్ని షెడ్డు వెనక తీసేయనివ్వకుండా, పంతం పట్టి, పోలీసుల మైదానంలో పోలీసుల ముందు కాలికి కట్టుకుని నిలబడ్డవాణ్ని నేను. ఎడమ బ్యాక్ ఎందుకు చంపేయమన్నాడో తెలిసింది. చంపితే ఇద్దర్నీ చంపుతారు.

గోలు గీతకి సున్నం పోసి ఉండడం మా అదృష్టం. జరిగి గీత మీద నిలబడి, రాలినవి సున్నంలోకి బూటుతో తొక్కాను. కుడి చేత్తో అంచు తడిమితే నాలుగు కుట్లు తెగాయి. కదిలితే రాలుతోంది. ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే అంచంతా విచ్చుకుని రెండు కాటీల బియ్యం, అంటే రెండున్నర పౌన్లకు పైగా, పచ్చిక మీద కుప్ప పోసినట్టు పడుతుంది.

ఎడమ బ్యాక్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు, నన్ను తిడుతున్నట్టు చెయ్యి ఊపుతూ.

"ఎవలికన్నా ఇది?" అన్నాను. "అడివికేటి?"

"మా అక్కకి. ఇద్దరు పిల్లలు. ఇంక సాలదేటి?"

వాళ్లకి అక్క ఉండేదని నాకు లీలగా తెలుసు. చీనా మనిషితో వెళ్లిపోయిందని, చచ్చిపోయిందని, ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తరని. బంతి మళ్లీ మా వైపు వచ్చింది, ఆయన వెళ్లిపోయాడు. నేను నమ్మలేదు. పట్టుబడ్డవాడు ఎవడైనా అక్కనీ పిల్లల్నీ చెప్పడా?

ఇంతలో గోరింకలు వచ్చాయి. మొదట రెండు, తర్వాత ఏడు. గోలు గీత పక్కనే వాలి, నా బూట్ల చుట్టూ పొడవడం మొదలుపెట్టాయి. ఉష్షంటే అడుగు ఎగిరి మళ్లీ వాలుతున్నాయి. చూసేవాళ్లు నవ్వుతున్నారు. "గోలీకి కొత్త బ్యాక్‌లు వచ్చారు!" అని ఎవరో మలాయ్‌లో అరిచారు. కుర్చీల్లో ఒక ఆఫీసరు మెడ చాచి చూశాడు. పక్షులు ఊరికే వాలవని తోటలో పనిచేసిన ఎవడికైనా తెలుసు. పోలీసు ఆఫీసరుకి తెలియదా?

జామకాయల చీనా ఆవిడ లేచింది. వెదురు టోపీ తీసి ఊపుతూ గోలు వెనకకి వచ్చి గోరింకల్ని అదిలించింది. ఒక గుప్పెడు జామ గింజలూ తొక్కలూ దూరంగా విసిరింది. పక్షులన్నీ అటు ఎగిరాయి. ఆవిడ వంగి, తొక్కలు ఏరుతున్నట్టు గీత వెంబడి అరచేత్తో తుడిచింది. తలెత్తకుండా, పెదవులు కదలకుండా అంది:

"కాలు కదపకు బాబూ. నీ కాల్లకి దండమెడతాను, ఆ కాలు కదపకు."

మా అమ్మ మాట్లాడే తెలుగు. విజయనగరం వైపు నుంచి ఓడలో దిగిన ముసలమ్మల యాస. ఆ టోపీ కింద ఉన్నది ఎడమ బ్యాక్ మొహమే. అదే దవడ, అవే లోతు కళ్లు. ఆరు నెలలుగా ఆవిడ దగ్గర వేళ్లు చూపించి కొనుక్కున్నాను. నోరు విప్పితే తెలిసిపోతుందని ఆవిడ విప్పలేదు. నా వెనక కొద్ది అడుగుల దూరంలో నిలబడి తన పిల్లల బియ్యం నా కాలి మీద ఆడుతుంటే చూస్తోంది.

ఆట ఇంకా పాతిక నిమిషాలుంది. ఎడమ కాలు వెనక్కి పెట్టి, కుడి కాలితోనూ కర్రతోనూ చేత్తోనూ ఆపాను. ఎడమ బ్యాక్ నా ఎడమ పక్క గోడలా నిలబడ్డాడు. రెండు బంతులు ఒంటికి తగిలించుకున్నాడు, ఒకటి పక్కటెముకలకి. మూడు నిమిషాలే మిగిలాయి. ఇంకా ఎవరూ గోల్ చేయలేదు. కప్పు మాదే, కౌలాలంపూర్ నాదే.

సార్జంటు గోలు ముందు గీసిన వలయం అంచున బంతి అందుకున్నాడు. నా పుస్తకం ప్రకారం పదిసార్లలో ఏడుసార్లు నా ఎడమకే కొడతాడు. ఎడమ బ్యాక్ జారి పడిపోయాడు. బంతి నేల మీద పాకుతూ, బాణంలా, సరిగ్గా నా ఎడమ మోకాలి కిందకి వస్తోంది. కర్ర కుడి చేతిలో ఉంది, అందదు. కాలు అక్కడే ఉంచితే బంతి ఆగుతుంది, అంచు విచ్చుకుంటుంది. దానితో ముగ్గురు జైలుకి. తీస్తే కప్పు, కుర్చీ, కంపెనీ మూడూ పోతాయి. రెండు పక్కలా మూడే. ఆ క్షణంలో కూడా లెక్క వేశానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

కాలు ఎత్తాను.

బంతి గోలు వెనక చెక్కకి ఠప్పున తగిలింది. కొట్టిన సార్జంటే వెనక్కి తిరిగి, నోరు తెరుచుకుని చూశాడు.

ఆట ముగిసిన ఈల వేయగానే ఎడమ బ్యాక్ నా మీదికి వచ్చాడు. "అమ్ముడుపోనావురా! పోలీసు మాతా-మాతాలకి కాలెత్తి సలాం కొట్టినావు! నీకు ప్యాడ్లు కూడానేటి?" అని చెంప మీద కొట్టి, కింద పడేసి, పట్టీలు తెంపి ప్యాడ్లు లాక్కుని, షెడ్డు వెనక్కి విసిరేశాడు. అందరూ పట్టుకునేసరికి నాలుగు తన్ని ఉంటాడు. విసరడం నటన అని తెలుసు. చెంపదెబ్బలో మాత్రం కొంత నిజం ఉందని నా అనుమానం. విరామంలో విప్పమంటే విప్పలేదు కదా.

జనం విడిపోయాక వెనక్కి వెళ్లి ప్యాడ్లు తెచ్చుకున్నాను. చీనా ఆవిడ వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున అలవాటుగా తూచాను. మూడుంబావు.

కంపెనీ మనిషి నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. దొర నన్ను పిలిచి, "ఎందుకు?" అని ఒక్క మాట అడిగాడు. పక్కకి పోతుందనుకున్నానని చెప్పాను. "నువ్వు అలా అనుకోవు," అని కాగితాల్లోకి చూసుకున్నాడు. రెండు రోజులకి నా చేతిలో గీతకత్తి ఉంది. లైన్లలో సగం మంది నన్ను పోలీసుల మనిషి అన్నారు, నేను వస్తుంటే మాటలాపేసేవారు. గేటు కానిస్టేబుళ్లు మాత్రం చేతులు కలిపేవారు. దాంతో మిగతా సగం కూడా నమ్మేసింది.

ఎడమ బ్యాక్ నాతో మాట్లాడలేదు. జనంలో కనపడితే ఉమ్మేవాడు. కానీ నేను నా వరుస చివరికి చేరేసరికి చాలా పొద్దుల్లో చివరి నలభై చెట్లు అప్పటికే గీసి ఉండేవి. ఎవరు గీశారో నేను చూడలేదు. అడగలేదు.

ఆ చెట్ల మధ్య నడుస్తూ ఒక లెక్క మాత్రం ఎన్నిసార్లు వేశానో! రెండు వారాలకి రెండు కాటీల బియ్యం. అడవిలోని ఒక దళానికి అది ఒక పూటకి కూడా రాదు. ఒక ఆడమనిషికీ ఇద్దరు పిల్లలకీ అయితే రెండు రోజులు. ఇంత చిన్న బరువుకి అక్క మాటే సరిపోతుంది. కానీ ఒక్క మగవాడు అడవిలో దాక్కుని తింటే మూడున్నర రోజులు వస్తుంది. అదీ సరిపోతుంది. ఇటు నుంచి వేసినా అటు నుంచి వేసినా శేషం లేదు.

మెర్దేకా వచ్చింది. కొత్త జెండా కింద తోటలో అందరికీ మిఠాయి పంచారు. నా చోటికి వచ్చిన గోలీ ఒక్క సీజన్లో పంతొమ్మిది గోల్స్ వదిలాడు. ఏడాదిన్నర తర్వాత నన్ను మళ్లీ గోలులోకి, మళ్లీ పాల కొట్టులోకి పిలిచారు. ప్రేమతో కాదు, పంతొమ్మిది చూసి. మరి కొన్నాళ్లకి మా ప్రాంతంలో ఆంక్షలు ఎత్తేశారు, కంచె పీకేశారు. ఆ వారమే ఎడమ బ్యాక్ వాళ్లక్క, సర్కారు చీనావాళ్లని కంచెలో పెట్టిన కొత్త గ్రామం వదిలి పుట్టింటికి వచ్చేసింది. లైన్లలో పెద్దలు గొణిగారు గానీ, తల్లి మంచాన ఉంది కదా అని ఊరుకున్నారు.

వేరే చోట్ల ఎమర్జెన్సీ ఇంకా ఉంది. తోటలోకి కొత్తగా ఎవరొచ్చినా పోలీసుల దగ్గర నమోదు చేయాలి. ఆఫీసు వరండాలో బల్ల వేశారు. కాగితం నింపడానికి చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. ముద్ర వేయడానికి స్టేషన్ నుంచి వచ్చింది ఆ సార్జంటే. నన్ను చూసి తల ఊపాడు, అంతే.

ఆవిడ చీర కట్టుకుని వచ్చింది. పక్కన ఎడమ బ్యాక్. ఇద్దరు పిల్లలన్నాడు ఆ రోజు. బల్ల ముందు నిలబడ్డది ముగ్గురు.

"పెనిమిటి?" అని అడిగాను.

"కంచె ఎయ్యకముందే పోనాడు బాబూ. జొరం."

సార్జంటుకి మలాయ్‌లో చెప్పి, కాగితం మీద రాశాను. కొత్త గ్రామానికి కంచె వేసి అప్పటికి ఆరేళ్లు. పెద్దవాడికి పది, రెండోవాడికి ఎనిమిది. రాశాను. మూడోది ఆడపిల్ల. బల్ల ఎత్తుకి కూడా రాలేదు. పళ్లు ఇంకా పాలపళ్లే. నాలుగేళ్ల పిల్లని చూస్తే నాలుగేళ్లని తెలియడానికి లెక్క రానక్కర్లేదు.

ఆరేళ్ల కింద చనిపోయిన తండ్రి. నాలుగేళ్ల కూతురు. అయితే ఆయన ఆరేళ్ల కింద చనిపోలేదు, ఎక్కడో ఉన్నాడు. ఎక్కడ ఉన్నాడు, ఏం తిన్నాడు, ఎవరు పంపారు? ఆ ఒక్క అంకె రాస్తే సార్జంటు అడగబోయే ప్రశ్నలన్నీ నాకు వరసగా కనిపించాయి. చివరి ప్రశ్న నా ఎడమ కాలి దగ్గర ఆగుతుంది. నేను తలెత్తితే ఎడమ బ్యాక్ నన్నే చూస్తున్నాడు, విరామంలో చూసినట్టే. ఈసారి ఆయన అడగలేదు.

'ఆరు' అని రాశాను. నా జీవితంలో తెలిసి రాసిన తప్పు అంకె అదొక్కటే.

సార్జంటు కాగితం తిప్పుకుని చదివాడు. పిల్ల వైపు వంగి, మలాయ్‌లో మెల్లగా, నీకెన్నేళ్లని అడిగాడు. కొత్త గ్రామంలో మలాయ్ కానిస్టేబుళ్ల మధ్య పెరిగిన పిల్లకి మలాయ్ రాకపోవడం ఎలా? చెయ్యి పైకెత్తి, బొటనవేలు జాగ్రత్తగా మడిచి, నాలుగు వేళ్లు చూపించింది.

సార్జంటు ఆ వేళ్లు చూశాడు, కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"చిన్నపిల్ల," అన్నాను. "లెక్కలింకా రావు."

"నువ్వు నేర్పించు. నీ లెక్క తప్పదంటారు కదా," అన్నాడు. ముద్ర ఎత్తి, గాల్లో ఆపాడు. "ఆ రోజు ఆ బంతి నేను బాగా కొట్టలేదు. నేరుగా నీ కాలికే కొట్టాను. ఆగిపోతుందని వెనక్కి కూడా తిరిగిపోయాను."

కాగితం మీద ముద్ర పడింది. తెలిసి వేశాడో తెలియక వేశాడో ఈ రోజుకీ నాకు తెలియదు. తర్వాత ఎన్ని మ్యాచ్‌ల్లో ఎదురెదురుగా ఆడినా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సార్జంటు టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. నేను ఇటు తిరిగేసరికి తల్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా పైకెత్తే ఉన్న ఆ నాలుగు వేళ్లనూ ఒక్కొక్కటిగా లోపలికి మడుస్తోంది.